‘ప్రతి’ అన్న మాటకు ఉపపత్తి రాసే పద్ధతి

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలున్నాయి. నాలుగింటికీ కలిపి 175 గేట్లు. “ఈ పూట ప్రతి గేటూ దించి ఉంది” అన్న మాట నిజమో కాదో తేల్చాలంటే ఒక మనిషి ఈ ఒడ్డున బయలుదేరి ఆ ఒడ్డు దాకా నడుస్తూ గేట్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి రావచ్చు. ఆ నడక పూర్తయితే నిరూపణ కూడా పూర్తయినట్టే. కాళ్ళు నొప్పి పుడతాయేమో గానీ అందులో తర్కదోషం ఏమీ ఉండదు. అదే “ప్రతి సహజసంఖ్యకూ ఫలానా ధర్మం ఉంది” అన్నామంటే ఆ నడకకు అవతలి ఒడ్డు లేదు. కోటి సంఖ్యలు చూసి వచ్చినా చూడనివే ఎక్కువ మిగులుతాయి. అవతలి ఒడ్డు లేని చోట ‘ప్రతి’ అన్న మాటను ఎలా నిరూపించాలో, అందుకు ప్రథమశ్రేణి తర్కం (వస్తువుల గురించి ‘ప్రతి’, ‘ఉంది’ అనే మాటలతో నడిచే తర్కం) పెట్టిన నియమం ఏమిటో, ఆ నియమాన్ని పాటిస్తున్నామనుకుంటూనే మనం ఎక్కడెక్కడ తప్పుతామో ఇక్కడ వివరిస్తాను. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలో గణితం చదివేవారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. చరరాశులకు తెలుగు అక్షరాలే వాడుతున్నాను.

‘ప్రతి’ అని చెప్పే సార్వత్రిక వాక్యాన్ని ∀క స(క) అని రాస్తారు. ఇందులో ‘స’ ఒక ధర్మం, ‘క’ ఒక చరరాశి. ‘ప్రతి’, ‘ఉంది’ అన్నవాటిని సూచించే గుర్తులను పరిమాణకాలు అంటారు. వాటితో కూడిన తర్కానికి 1879లో జర్మన్ తార్కికుడు ఫ్రేగే తొలిసారి పూర్తి రూపం ఇచ్చాడు. ఈ తలకిందుల గుర్తునూ, నేను చెప్పబోయే నియమాలనూ దాదాపుగా ఇప్పటి రూపంలో పెట్టినవాడు గెంట్జెన్ అనే మరో జర్మన్ తార్కికుడు, 1935లో. గుర్తును “అన్ని క లకూ స(క)” అని చదవడం కన్నా “క ఏదైనా సరే, స(క)” అని చదవడం నాకు మేలనిపిస్తుంది. ‘అన్ని’ అనగానే మనసు ఒక గుంపును ఊహించుకొని దాన్ని లెక్కపెట్టడానికి కూర్చుంటుంది. ‘ఏదైనా సరే’ అంటే ఒక్కదాన్నే ఎదురుగా పెట్టుకుంటుంది, నిరూపణకు కావలసింది ఆ ఒక్కటే.

నిరూపణ మొదలుపెట్టే ముందు వాక్యాన్ని సరిగ్గా రాసుకోవాలి. “ప్రతి లంకకూ (ఏటి నడుమ దీవికి) రేవు ఉంది” అన్న వాక్యంలో చరరాశి లంకల మీదే తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, తర్కంలో అది చర్చలో ఉన్న సమస్త వస్తువుల మీదా తిరుగుతుంది. కాబట్టి ఆ వాక్యాన్ని ∀క (లంక(క) → రేవుంది(క)) అని, అంటే “క ఏదైనా సరే, అది లంక అయితే దానికి రేవు ఉంది” అని రాయాలి. కొత్తవారు బాణం ఉండవలసిన చోట ‘మరియు’ పెడతారు. అలా పెడితే క ఏదైనా సరే అది లంకే అని చెప్పినట్టవుతుంది. కొబ్బరిచెట్టూ లంకే, ఏరు దాటించే పంటూ లంకే, పంటు మీద నిలబడిన మోటారుసైకిలూ లంకే అయిపోతుంది. బాణానికి ఎడమవైపు ఉన్నది దత్తాంశం, కుడివైపు ఉన్నది సారాంశం అని గుర్తుపెట్టుకుంటే ఈ పొరపాటు మళ్ళీ జరగదు.

దత్తాంశం, సారాంశం, ఉపపత్తి అన్న మాటలు తెలుగు మాధ్యమంలో చదివినవారందరికీ రేఖాగణితం నుంచి పరిచయమే. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు “రెండు సరిసంఖ్యల మొత్తం సరిసంఖ్య అని నిరూపించుము” అన్న ప్రశ్నకు 4కూ 6కూ కలిపి 10 అనీ, 12కూ 8కీ కలిపి 20 అనీ, 100కూ 2కూ కలిపి 102 అనీ రాసి, కింద “కావున నిరూపించబడినది” అని గీత కొట్టాను. దిద్దిన మాస్టారు సున్నా వేశారు గానీ ఎందుకు వేశారో చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఆ సున్నా కాదు. అదే పరీక్షలో త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలన్న సిద్ధాంతాన్ని అదే చేత్తో తప్పులేకుండా రాయడం. అక్కడ మాత్రం మూడు త్రిభుజాలు గీసి, కోణమానినితో కొలిచి, “కావున” అని రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. “దత్తాంశం: ఏబీసీ ఒక త్రిభుజం” అని మొదలుపెట్టాను. ఆ ఒక్క పంక్తిలోనే సార్వత్రిక నిరూపణ కిటుకంతా ఉంది.

ఆ పంక్తిని కొంచెం నిదానంగా చూద్దాం. పలక మీద గీసిన త్రిభుజానికి నిర్దిష్టమైన కొలతలు ఉంటాయి. అడుగుభుజం పొడవుగా, ఎడమ కోణం చిన్నదిగా కనబడుతుంది. కానీ ఉపపత్తిలో ఏ పంక్తీ ఆ కొలతలను తాకదు. శీర్షం గుండా అడుగుభుజానికి సమాంతరంగా ఒక రేఖ గీస్తాం, ఏకాంతర కోణాలు సమానమంటాం, సరళకోణం అంటాం. ఈ మూడూ త్రిభుజం త్రిభుజమైనందువల్ల దొరికినవే తప్ప, ఈ ఫలానా త్రిభుజమైనందువల్ల దొరికినవి కావు. బొమ్మ ఒక్కటే అయినా మాట అన్నిటికీ వర్తించడానికి కారణం ఇదే. బొమ్మలో రెండు భుజాలు సమానంగా పడ్డాయని చూసి, తెలియకుండానే “ఈ రెండు కోణాలూ సమానం కనుక” అని ఒక్క పంక్తి రాశామా, ఆ క్షణం నుంచి మన ఉపపత్తి సమద్విబాహు త్రిభుజాలకే చెల్లుతుంది.

ఈ నియమాన్నే తర్కం ఇలా చెబుతుంది: ∀క స(క) అని నిరూపించాలంటే, దాని గురించి ముందే ఏమీ అనుకోని కొత్త అక్షరం ఒకటి తీసుకొని, దానికి స(క) నిజమని చూపాలి. ఆ పని పూర్తయ్యే సరికి ఇంకా నిలబడి ఉన్న ఏ ఊహలోనూ ఆ అక్షరం కనబడకూడదు. అలా కనబడకపోతే ∀ పెట్టవచ్చు, కనబడితే పెట్టకూడదు.

తెలుగులో ఇక్కడ ఒక చిక్కు ఉంది. “క ఏదో ఒక సంఖ్య అనుకొందాం” అని రాసేవారున్నారు. ‘ఏదో ఒక’ అన్న మాట ఉనికిని చెబుతుంది; సంచిలో ఏదో ఒకటి ఉందన్నట్టు. ‘ఏదైనా ఒక’ అన్నది సార్వత్రికం. రెండో మాటలోనూ అపాయం లేకపోలేదు, ఎందుకంటే “ఏదైనా ఒక సంఖ్య తీసుకో” అంటే పిల్లవాడు చటుక్కున 6 తీసుకుంటాడు. అది వాడి తప్పు కాదు. మన మాట వాడికి ఎంపిక హక్కు ఇచ్చింది. నిజానికి ఎంపిక నిరూపించేవాడిది కాదు, ఎదుటివాడిది. అతడు ఏ సంఖ్యను తెచ్చి ఇచ్చినా మన పంక్తులు చెల్లాలి. అందుకని “క ఒక సహజసంఖ్య, ఏదైనా సరే” అని రాయమని నా దగ్గరికి వచ్చే పిల్లలకు చెబుతాను. ఆ ‘సరే’లో ఎదుటివాడి ఎంపికకు మనం ముందే తల ఒగ్గామన్న సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు ఒక నిరూపణ మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. నాలుగింటిని పుంజీ అంటారు కదా. నాలుగు చేత మిగులు లేకుండా పోయే సంఖ్యను పుంజీ సంఖ్య అందాం; అంటే న = 4ట అయ్యేలా ట అనే సహజసంఖ్య ఉంటే న పుంజీ సంఖ్య. రెండు బుట్టల్లోనూ కాయలు పుంజీల లెక్కకు సరిగ్గా వస్తే, రెంటినీ ఒక రాశిగా పోసినా పుంజీల లెక్కకే వస్తాయన్నది మనం నిరూపించవలసిన మాట. గుర్తుల్లో ఇది ∀న ∀మ ((పు(న) మరియు పు(మ)) → పు(న + మ)).

న, మ సహజసంఖ్యలు, ఏవైనా సరే.
పు(న), పు(మ) అనుకొందాం.
నిర్వచనం ప్రకారం న = 4ట అయ్యే సహజసంఖ్య ఒకటి ఉంది; దాన్ని ట అందాం.
అలాగే మ = 4డ అయ్యే సహజసంఖ్య ఒకటి ఉంది; దాన్ని డ అందాం.
అప్పుడు న + మ = 4ట + 4డ = 4(ట + డ).
ట + డ సహజసంఖ్యే కాబట్టి పు(న + మ).
కాబట్టి పు(న), పు(మ) అయితే పు(న + మ).
న, మ ఏవైనా సరే అన్నాం కనుక, ఇది ప్రతి న కూ ప్రతి మ కూ నిజం.

చివరి రెండు పంక్తుల మధ్య క్రమం ముఖ్యం. ఏడో పంక్తిలో “అయితే” అనగానే రెండో పంక్తిలోని ఊహ తీరిపోయింది, అప్పు తీర్చినట్టు. ఆ తరువాతే ఎనిమిదో పంక్తికి హక్కు వచ్చింది. ఈ క్రమం తప్పితే ఏమవుతుందో చూడండి: “పు(న) అనుకొందాం. న ఏదైనా సరే. కాబట్టి ప్రతి న కూ పు(న).” ప్రతి సంఖ్యా పుంజీ సంఖ్యే అని మూడు ముక్కల్లో తేల్చేశాం! ఊహ ఇంకా మెడ మీద ఉండగానే ∀ పెట్టడం వల్ల వచ్చిన అనర్థం ఇది. ఇంత పచ్చిగా ఎవరూ రాయరు గానీ, ఇరవై పంక్తుల ఉపపత్తిలో మూడో పంక్తిలో చేసిన ఊహను మరచిపోయి పద్దెనిమిదో పంక్తిలో ∀ పెట్టినవారిని చాలామందిని చూశాను.

మూడు, నాలుగు పంక్తుల్లో వేరువేరు అక్షరాలు వాడిన సంగతి గమనించండి. నేను దిద్దిన కాగితాల్లో అన్నిటి కన్నా ఎక్కువగా కనిపించిన తప్పు ఇక్కడే జరుగుతుంది: న = 4ట, మ = 4ట అని రెండు చోట్లా ఒకే అక్షరం రాస్తారు. మొదటి బుట్టలో మూడు పుంజీలు, రెండో బుట్టలో ఏడు పుంజీలు ఉంటే రెంటికీ ఒకే ట ఎలా సరిపోతుంది? ఒకే ట వాడగానే న = మ అని ఒప్పుకున్నట్టే; ఆ తరువాత వచ్చే న + మ = 8ట అన్న ఫలితం సమానమైన బుట్టలకే చెల్లుతుంది. ఉనికి వాక్యం నుంచి దొరికిన ప్రతి వస్తువుకూ అప్పటి దాకా ఎక్కడా వాడని పేరు పెట్టాలి. దీనికి అటువైపున మరొక భ్రమ ఉంది. “రెండు సంఖ్యలు” అనగానే అవి వేరువేరని మన భాష సూచిస్తుంది. తర్కంలో న, మ అన్న వేరువేరు అక్షరాలు ఒకే సంఖ్యను సూచించవచ్చు. న, మ భిన్నమని కావాలంటే న ≠ మ అని దత్తాంశంలో రాసుకోవలసిందే.

సార్వత్రిక వాక్యాన్ని నిరూపించడం ఇంత జాగ్రత్త అడిగితే, నిరూపితమైన దాన్ని వాడుకోవడం అంత సులువు. ∀క స(క) చేతిలో ఉంటే మనకు నచ్చిన వస్తువును ‘క’ స్థానంలో పెట్టుకోవచ్చు. ఇక్కడ ఎంపిక మనది. ∀క (స(క) → ద(క)), ∀క స(క) అన్న రెంటి నుంచి ∀క ద(క) రాబట్టాలంటే, క ఏదైనా సరే అని తీసుకొని, రెంటిలోనూ ఆ క నే పెట్టి, స(క) → ద(క), స(క) అన్నవాటి నుంచి ద(క) పొంది, ∀ పెడతాం. ఇచ్చిన రెండు వాక్యాల్లోనూ క ఎక్కడా ∀ పట్టు దాటి విడిగా కనబడదు కనుక నియమభంగం లేదు.

పరిమాణకాలు రెండు కలిసినప్పుడు వరుస చూసుకోవాలి. లంకకూ రేవుకూ మధ్య “ఈ లంక వాళ్ళు ఈ రేవున దిగుతారు” అనే సంబంధాన్ని దిగు(క, గ) అందాం; ఇక్కడ క లంకల మీదే, గ రేవుల మీదే తిరుగుతాయనుకొందాం. ∃ అంటే ‘ఒకటి ఉంది’ అని. ∃గ ∀క దిగు(క, గ) అంటే అన్ని లంకల వాళ్ళూ దిగే రేవు ఒకటి ఉందని. ∀క ∃గ దిగు(క, గ) అంటే ప్రతి లంక వాళ్ళకూ దిగడానికి ఒక రేవు ఉందని. మొదటి దాని నుంచి రెండోది వస్తుంది: ఆ ఉమ్మడి రేవుకు గ అని పేరు పెట్టి, క ఏదైనా సరే అని ఒక లంకను తీసుకుంటే దిగు(క, గ) నిజం, కాబట్టి ఆ క కు ఒక రేవు ఉంది, క ఏదైనా సరే కనుక ∀. రెండో దాని నుంచి మొదటిది రాదు. రాబట్టబోతే ఎక్కడ ఆగిపోతామో చూడటం మంచి అభ్యాసం. క అనే లంకను తీసుకున్నాం. దానికి ఒక రేవు ఉంది. ఆ రేవును గ అన్నాం. దిగు(క, గ) నిజం. ఇక ∀క దిగు(క, గ) అని రాయబోతే నియమం అడ్డు వస్తుంది, ఎందుకంటే గ అన్న పేరు పెట్టుకున్నదే క ను చూసి. దిగు(క, గ) అన్న ఊహ ఇంకా తీరలేదు, అందులో క కనబడుతూనే ఉంది. అవతలి లంకను తీసుకుంటే గ కూడా మారిపోవచ్చు. సఖినేటిపల్లిలో పంటు ఎక్కినవాళ్ళు నరసాపురంలో దిగుతారు గానీ, గోదావరి పాయలన్నిటి మీదా పడవ ఎక్కినవాళ్ళంతా నరసాపురంలోనే దిగరు కదా.

∀క ∃గ రూపంలో ఉన్నదాన్ని నిరూపించేటప్పుడు ఇదే సంగతి మనకు ఉపకరిస్తుంది. “ప్రతి సహజసంఖ్య కన్నా పెద్ద పుంజీ సంఖ్య ఒకటి ఉంది” అని చూపాలంటే, క ను ఎదుటివాడు చెప్పిన తరువాత మనం గ ను ఎంచుకుంటాం; గ = 4క అంటే చాలు. గ లో క ఉండటం తప్పు కాదు, అది అలా ఉండాలి.

సార్వత్రిక వాక్యం అబద్ధమని తేల్చడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలు. అయితే అది దత్తాంశానికి లోబడి, సారాంశాన్ని తప్పాలి. “ప్రతి ప్రధానసంఖ్యా బేసి” అన్న మాటకు 2 ప్రత్యుదాహరణ; 8 కాదు, ఎందుకంటే అది ప్రధానసంఖ్యే కాదు. వెతుకులాట ఎంత దూరం సాగవచ్చో చెప్పడానికి ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన న² + న + 41 అన్న సమాసం పనికొస్తుంది. న కు 1 మొదలు 39 దాకా ఏ విలువ ఇచ్చినా ఫలితం ప్రధానసంఖ్యే; న = 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 × 41. ముప్పై తొమ్మిది సార్లు సరిపోయిందని నలభయ్యోసారి చూడనివాడి గతి ఏమిటో చెప్పనక్కరలేదు.

వ్యతిరేకార్థాన్ని మాటల్లో రాసేటప్పుడు తెలుగు మోసం చేస్తుంది. అంబాజీపేటలో కొబ్బరికాయల రాశి ముందు నిలబడి “అన్ని కాయలూ కుళ్ళలేదు” అంటే, ఒక్కటీ కుళ్ళలేదని ఒకరికి, కుళ్ళనిది ఒక్కటైనా ఉందని మరొకరికి అర్థమవుతుంది. చర్చ ఆ కాయల వరకే అనుకొని, ‘కాదు’ అనడానికి ¬ వాడితే, మొదటిది ∀క ¬కుళ్ళు(క). రెండోది ¬∀క కుళ్ళు(క), అంటే ∃క ¬కుళ్ళు(క). బేరం ఎటు తిరుగుతుందన్నది ఈ తేడా మీదే ఉంటుంది కనుక, పరోక్ష నిరూపణలో “వాక్యం తప్పనుకొందాం” అని రాసే ముందు ఆ తప్పును గుర్తుల్లో రాసి చూసుకోవడం క్షేమం.

దత్తాంశానికి లోబడేది ఏదీ లేకపోతే? “ఈ పంటు ఎక్కిన ప్రతి ఏనుగుకూ టిక్కెట్టు ఉంది” అన్న వాక్యం, ఏనుగే ఎక్కని రోజున నిజం. దాన్ని అబద్ధం చేయడానికి టిక్కెట్టు లేని ఏనుగును చూపాలి, అది లేదు.

గణితానుగమనాన్ని విడిగా నేర్పడం వల్ల అది వేరే జాతి అని పిల్లలు అనుకుంటారు. అందులోని రెండో మెట్టు ∀క (స(క) → స(క + 1)) అన్న సార్వత్రిక వాక్యమే. పైన చెప్పిన పద్ధతిలోనే దాన్ని నిరూపించాలి. “క ఒక సహజసంఖ్య, ఏదైనా సరే, స(క) సత్యమనుకొందాం” అని రాయాలి. దీన్ని “ప్రతి క కూ స(క) సత్యమనుకొందాం” అని రాసేవారున్నారు. అలా రాస్తే నిరూపించవలసిన దాన్నే ముందుగా ఒప్పుకున్నట్టయింది, ఇక చేయడానికి పనే లేదు.

ఏ వాక్యానికి ఏ దారి పట్టాలో చెప్పే యంత్రం మాత్రం లేదు. ప్రథమశ్రేణి తర్కంలో ఒక వాక్యం ఎల్లప్పుడూ చెల్లుతుందో లేదో ప్రతిసారీ తేల్చగల యాంత్రిక పద్ధతి ఉండదని చర్చ్, ట్యూరింగ్ అనే గణితవేత్తలు 1936లో విడివిడిగా చూపారు. క ను సరి, బేసి అని రెండుగా విడదీయాలా, ప్రతివర్తితాన్ని (“సారాంశం తప్పితే దత్తాంశమూ తప్పుతుంది” అన్న రూపాన్ని) పట్టుకోవాలా, పరోక్షంగా వెళ్ళాలా అన్నది అలవాటు మీద తెలుస్తుంది.

రాసినదాన్ని సరిచూసుకోవడానికి నేను ఒక పని చేస్తాను. ఉపపత్తి అయ్యాక, దత్తాంశానికి లోబడే ఇబ్బందికరమైన విలువలను తీసుకొని ప్రతి పంక్తిలోనూ వేసి చదువుతాను. “రెండు పుంజీ సంఖ్యల తేడా పుంజీ సంఖ్య” అని ఒక విద్యార్థి ఇలా రాశాడు: న = 4ట, మ = 4డ, న − మ = 4(ట − డ), కాబట్టి పు(న − మ). న = 20, మ = 8 వేస్తే 4(5 − 2), అంటే 12; సాఫీగా సాగింది. న = 8, మ = 20 వేస్తే 4(2 − 5) వచ్చింది; ‘ట − డ సహజసంఖ్య’ అన్న పంక్తి అక్కడ విరిగింది. నిజానికి అతడు ఆ పంక్తి రాయనే లేదు, మనసులో అనుకొని దాటేశాడు. పెద్ద బుట్టలోంచి చిన్న బుట్ట తీసేసినట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహను బయటికి తీసి, బాణానికి ఎడమవైపున న > మ అని చేర్చి, “న, మ సహజసంఖ్యలు, ఏవైనా సరే, పు(న), పు(మ), న > మ అనుకొందాం” అని మళ్ళీ మొదటి పంక్తి నుంచి రాయించాను.